వయసు మీదికి నెట్టేసిన ఆయాసం

వాయునాళాలు మూసుకుపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ. దాని పేరిట ప్రపంచ సీఓపీడీ దినం నవంబరు మూడో బుధవారం వస్తుంది. సరిగ్గా ఇదే వేళకు మన నాగార్జునసాగర్ ఆయకట్టులో రోడ్ల మీద వడ్లు, కల్లాల్లో దుమ్ము, మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు, కోత మిషన్ దాటిపోయిన మడిలో వరికొయ్యలకు నిప్పు. ఊపిరితిత్తుల జబ్బుకు ఇంతకంటే మంచి ముహూర్తం ఎవరూ పెట్టలేరు.

నాకు ఒళ్ళు మండేది మాత్రం పొగ కంటే ఒక మాటకు. "వయసైపోయింది, ఇప్పుడు ఆయాసం గాక ఏమొస్తది?" కొడుకులంటారు, కోడళ్ళంటారు, కొందరు డాక్టర్లూ అంటారు. అదే మనిషికి షుగర్ వస్తే మూడు నెలలకోసారి రక్తం తీయిస్తాం. బీపీ వస్తే మాత్ర తప్పనివ్వం. బజారు నుంచి ఇంటికొచ్చే లోపల మూడు అరుగుల మీద కూలబడితే మాత్రం అది ముసలితనం. ఆర్‌ఎంపీ సూదితో నాలుగు రోజులు తేలికపడితే, ఈ చలికాలానికి గండం గడిచినట్టే లెక్క.

2016 నాటికి దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్ళు ఐదున్నర కోట్ల మంది. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతం. 2018లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో అచ్చయిన అధ్యయనం చెప్పిన సంగతి ఇది. నలభై దాటినవాళ్ళలో బయటపడి, వయసుతో పాటు పెరుగుతూ పోయే జబ్బు కనుక ఈ భారం ఎక్కువగా పెద్దవాళ్ళ గుండెల మీదే.

"బీడీలు మానమనండి" అనేవాళ్ళు వెంటనే తయారవుతారు. బీడీ తరఫున నాకు వకాల్తా లేదు. కానీ అదే అధ్యయనం ఈ జబ్బు భారంలో పొగాకుకు పాతిక శాతం కట్టి, గాలి కాలుష్యానికి దాదాపు 54 శాతం కట్టింది. పనిచేసే చోటి దుమ్ము, పొగలది మరో 16 శాతం పైమాటే. జన్మలో బీడీ ముట్టని మన అమ్మమ్మలకు దగ్గు ఎక్కడిదో ఇక అడగక్కర్లేదు. దీపం పథకం 1999లో వచ్చింది. ఇప్పుడు అరవై అయిదేళ్ళున్న ఆవిడ అప్పటికే నలభైకి దగ్గర పడింది. పత్తికట్టె, కందికట్టె పెట్టి, గొట్టంతో పొయ్యి ఊదుతూ ఆవిడ పీల్చిన పొగను ఏ సిలిండరూ వెనక్కి తీసుకోలేదు.

ఇక రైస్ మిల్లుల ఊరు మిర్యాలగూడ. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకాలి, వడ్లు ఉడకాలంటే బాయిలర్‌లో ఊక మండాలి. ఆ బూడిద మిద్దె మీద ఆరేసిన చీరల మీద పడితే ఆడవాళ్ళు తిట్టిపోస్తారు. లోపలికి పోయిందానికి తిట్లు కూడా లేవు. ముప్పై ఏళ్ళు బస్తాలు మోసిన హమాలీ ఇప్పుడు మంచం మీద కూర్చుని తెల్లారేదాకా దగ్గుతుంటే, ఆ దగ్గును మిల్లు ఖాతాలో రాసేవాళ్ళు లేరు. ఇప్పుడు బస్తాలు ఎత్తుతున్న బిహార్ కుర్రాళ్ళ దగ్గు రేపు బిహార్ లెక్కల్లో తేలుతుంది. మన జిల్లాకు మచ్చ ఉండదు!

ఈ జబ్బును పట్టే పరీక్ష చూస్తే పెద్ద బ్రహ్మవిద్య కాదు. నిండా గాలి పీల్చి గొట్టంలోకి బలంగా ఊదాలి. మందు పీల్చాక కూడా మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తంలో 70 శాతానికి తగ్గితే వాయునాళాలు మూసుకుపోతున్నట్టు. దాని పేరు స్పైరోమెట్రీ. ఆశా కార్యకర్త నింపే ఫారంలో "ఏ పొయ్యి మీద వండుతారు" అన్న ప్రశ్న ఉంది, ఆయాసం గురించీ ఉంది. రాసుకున్నాక? బీపీ పట్టీ చుడతారు, వేలు గుచ్చుతారు, ఊపిరి సంగతి కాగితం మీదే ఆగుతుంది. 2019 నుంచి సూర్యాపేటలో, నల్లగొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి కదా. అక్కడి ఛాతీ డాక్టరు వారానికి ఒక పూట కోదాడకో మిర్యాలగూడకో ఊదే మిషన్ చంకన పెట్టుకుని వస్తే ఏం పోయింది?

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లిలో ఆయాసానికని వేసే బత్తిని వారి చేపమందుకైతే మత్స్యశాఖే కొర్రమీను పిల్లల్ని సిద్ధం చేస్తుంది, పోలీసులు బారికేడ్లు కడతారు. పోయినవాళ్ళను నేనేమీ అనను. దమ్ము అందనివాడు ఏ క్యూలోనైనా నిలబడతాడు. ప్రభుత్వం ఏ క్యూకు పందిరి వేస్తోందన్నదే నా గొడవ.

కొలిచే మిషన్లు దొరకవని మాత్రం చెప్పకండి. కొనుగోలు కేంద్రంలో ప్రతి కుప్పలోనూ గింజలు తీసి తేమ చూస్తున్నారు. 17 శాతం దాటిందా, మళ్ళీ ఆరబెట్టుకు రమ్మంటారు. ఆ ఆరబెట్టేది, తూర్పారబట్టేది, మూతికి తువ్వాలు చుట్టుకుని దుమ్ములో నిలబడేది ఈ ముసలి రైతులే. వాళ్ళ ఊపిరిని కొలిచేవాళ్ళే లేరు.