సగం పనిచేసే ఇంజిన్

2018 జూన్ 14న భిలాయిలో ప్రధాని మోదీ ఆధునికీకరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. జగదల్‌పూర్-రాయపూర్ విమాన సర్వీసుకు కూడా ఆ పర్యటనలోనే పచ్చజెండా ఊపారు. విమానం ఎగరడం మన రాజకీయాలకు పండుగ. ఎగిరిన నిమిషంలో ఇంజిన్ మొరాయిస్తే ఏమిటన్న ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా వినిపించదు. భిలాయి కర్మాగారానికి నందిని వద్ద సొంత రన్‌వే ఉంది. ఇటువంటి చిన్న రన్‌వేలు దేశమంతటా ఉన్నాయి. ఎన్నికలు రాగానే అద్దె విమానాలు వాటి మీద వాలుతాయి. కనుక ఇది పైలట్ల వృత్తి రహస్యం కాదు, రాజకీయ ప్రశ్న.

ముందు సంగతి అర్థం చేసుకుందాం. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం 300 అడుగులు ఎక్కేసరికి ఇంజిన్ ఆగిందనుకోండి. ముక్కు ఆకాశం వైపు ఉంటుంది, వేగం క్షణాల్లో పడిపోతుంది. పైలట్ చేయవలసిన మొదటి పని ముక్కు దించి గ్లైడ్ వేగాన్ని నిలబెట్టుకోవడం. రెండవది, ఎదురుగా గాని, కాస్త అటూ ఇటూగా గాని కనిపించే ఖాళీ నేల మీద దిగడం. వ్యవధి ఉంటే ఇంధనం, విద్యుత్తు కట్టివేసి తలుపు గడియ తీయాలి. బయలుదేరిన రన్‌వేకే తిరిగి చేరాలనిపించడం సహజం. ఎందరినో బలిగొన్నది ఆ సహజమైన కోరికే. ఆ ఎత్తులో అర్ధవృత్తం తిరిగినా చాలదు. రన్‌వే పక్కకు జరిగిపోయి ఉంటుంది గనుక ఇంకా తిరగాలి, మళ్లీ సరిచూసుకోవాలి. 45 డిగ్రీలు ఒరిగి, ఎత్తు కోల్పోకుండా మలుపు తిప్పబోతే, విమానం పట్టు తప్పే వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. అదే నేరుగా జారితే, గాలి లేనప్పుడు, సెస్నా 172 వంటి విమానం 300 అడుగుల నుంచి సుమారు 800 మీటర్లు పోగలదు.

ఆ 800 మీటర్లలో పొలం ఉందా, స్తంభాలున్నాయా, ఇళ్లున్నాయా? ప్రాణాలు నిలిచేదీ పోయేదీ అక్కడే. ఆ నేల మీద పైలట్‌కు ఏ అధికారమూ లేదు. కట్టడాలకు అనుమతులిచ్చేది స్థానిక సంస్థలు, పర్యవేక్షించవలసినది ప్రభుత్వాలు. ప్రమాదం జరిగాక మాత్రం ‘పైలట్ తప్పిదం’ అనే రెండు మాటలతో అందరూ చేతులు దులుపుకుంటారు.

పూర్తిగా ఆగిన ఇంజిన్ కంటే సగం పనిచేసే ఇంజిన్ ప్రమాదకరం. టేకాఫ్ తర్వాత శక్తి కోల్పోయిన ఒంటి ఇంజిన్ విమానాల గురించి ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2000-2010 మధ్య ఘటనలను పరిశీలించింది. పాక్షికంగా శక్తి తగ్గిన 242 ఘటనల్లో 9 ప్రాణాంతకమయ్యాయి. ఇంజిన్ పూర్తిగా ఆగిన 75 ఘటనల్లో ఒక్కటీ కాలేదు. ఆగిన ఇంజిన్ భ్రమలకు తావివ్వదు. దగ్గుతూ తిరిగే ఇంజిన్ ‘ఇంకాస్త లాగుదాం’ అనిపిస్తుంది.

మన పౌర విమానయాన నియంత్రణ వ్యవస్థ సరిగ్గా ఆ దగ్గే ఇంజినే. డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది. సగం మందితో తనిఖీలు ‘నడుస్తున్నాయి’ కనుక ఎవరికీ కంగారు లేదు.

తెలుగువారికి ఈ పాఠం కొత్త కాదు. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బెంగళూరు జక్కూరు నుంచి బయలుదేరిన నటి సౌందర్య, ఆమె సోదరుడు సహా నలుగురు, సెస్నా 180 టేకాఫైన కొద్దిసేపటికే కూలి మరణించారు. ఇక్కడ నా వాదన ఆ ప్రమాద కారణం గురించి కాదు. సభ వేళ, నాయకుడి తొందర, చిన్న విమానం, చిన్న రన్‌వే అనే ఆ కలయికను ఇరవై ఏళ్ల తర్వాత కూడా ప్రతి పార్టీ ఆనందంగా అద్దెకు తీసుకుంటూనే ఉంది.

చిన్న రన్‌వేల మీద రాకపోకలే అరుదు, అంత హంగామా ఎందుకని అనేవారున్నారు. భిలాయికి ఆ తర్కం చెప్పకండి. 2014 జూన్‌లో అక్కడ నీటి పంపు చెడి విషవాయువు వెలువడి ఆరుగురు చనిపోయారు. 2018లో ప్రధాని వచ్చి వెళ్లి నాలుగు నెలలు తిరగకముందే, అక్టోబర్ 9న, గ్యాస్ పైపులైను వద్ద చెలరేగిన మంటలు పదిమందికి పైగా కార్మికులను మింగాయి. ‘అరుదు’ అన్న మాటకు ఆ ఇళ్లలో అర్థం లేదు.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి చిన్న రన్‌వే రెండు కొసలా అత్యవసరంగా దిగగల నేలను గుర్తించి, పటం గీసి, ప్రచురించాలి. అక్కడ కొత్త కట్టడాలను అడ్డుకోవాలి. టేకాఫ్‌కు ముందు ‘ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగను, ఫలానా చోట దిగుతాను’ అని పైలట్ పైకి చెప్పాలి. లోపల కూర్చున్నది ముఖ్యమంత్రి అయినా విని తీరాలి. ‘ఈరోజు ఎగరను’ అన్న పైలట్ మాటను మార్చే హక్కు ఏ పార్టీ కార్యాలయానికీ ఉండకూడదు. ఖాళీ పోస్టులకు గడువు పెట్టి నింపాలి. వచ్చే ఎన్నికల సభకు హెలిప్యాడ్ చదును చేసే లోపు ఈ పనులు మొదలుపెట్టమని మన ఎంపీలను అడుగుదాం. ఆ విమానాల్లో ఎక్కేది వాళ్లే.