కృష్ణాలోయలో చూడదగినవి

ఆల్ప్సు పర్వతములలోని రోను నదిలోయ చిత్రములను చూచి, మనకట్టి యందమెక్కడిదని నిట్టూర్చు సోదరీమణులు కొందఱు కలరు. రోను హిమరాశిలో బుట్టి, వేసవిలో మంచు కరగగా పొంగును. మన కృష్ణవేణి సహ్యాద్రిపై మహాబలేశ్వరమున బుట్టి, అచటి వానలకు శ్రావణమాసమున పొంగును. మంచు లేకున్నను, నల్లమల కొండలను చీల్చుకొని పోవు నామె లోయకు వచ్చిన లోటేమియు లేదు. పాలమూరు, నల్లగొండ సీమల స్త్రీలమైన మనమే దానిని శ్రీశైలమునకు పోవు బండి కిటికీలోనుండి తప్ప చూడకుండుట నాకు కొఱతగా దోచును.

కృష్ణ తంగిడికడ తెలంగాణమున ప్రవేశించును. కొంత దిగువకు గద్వాల. గద్వాల చీర నెఱుగని యిల్లాలుండదు. కాని నూలుచీరకు పట్టంచును, పట్టుకొంగును కలిపి నేయు నేర్పును మగ్గముకడ నిలిచి చూచినవారు తక్కువ. చూచిన పిమ్మట బేరమాడుటకు నోరు రాదు.

అలంపురము తుంగభద్ర యొడ్డున నున్నది. ఇచటి నవబ్రహ్మాలయములు 7వ శతాబ్దమున బాదామి చాళుక్యుల కాలమున వెలసినవి. పేరు బ్రహ్మది, లోనున్నది శివలింగము. తారకబ్రహ్మాలయము తప్ప తక్కినవాని శిఖరములు ఉత్తరదేశపు రీతివి. జోగులాంబ దర్శనమై వెంటనే మరలిపోవువారు ఈ గుడుల గోడలపై శిల్పములను చూడకయే పోవుచుందురు. ఒక గడియ నిలువుడు.

ఆ ప్రాంగణమునకు కొంచెము ఎడముగా సంగమేశ్వరాలయ మున్నది. అది మొదట అచటిది కాదు. కృష్ణాతుంగభద్రలు కలియు కూడవెల్లిలో నుండెడిది. శ్రీశైలము ఆనకట్ట నీటిలో మునుగునని రాతిరాతికి అంకె వైచి విప్పి, తెచ్చి మరల పేర్చిరి. జటప్రోలు మదనగోపాలుని గుడియు, సోమశిల సోమేశ్వరుని గుళ్లును ఇట్లే మిట్ట కెక్కినవి. దేవుళ్లకు దారి దొరకినది. మనుష్యుల మాట వేఱు. 1981లో జలాశయము నిండుటకై కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో దాదాపు నూఱు గ్రామములు ఖాళీ చేయింపబడెను. సోమశిల రేవున నొక వృద్ధురాలు నీటివంక చేయి చూపి, "అగో, ఆ పడవ పోతున్నకాడనే మా ఇల్లుండె. రోలు సుత తెచ్చుకోకపోతిమమ్మా" అనెను. గుడిరాళ్లకు అంకెలు వైచిరి గాని ఆమె పొయ్యిరాళ్ల కెవరు వైచిరి?

అట్లని ఆనకట్టలను దూషింప నాకు మనసొప్పదు. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలబడిన తరువాతనే మిర్యాలగూడ ప్రాంతము వరిసీమ యయ్యెను. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలకు కృష్ణనీరు ప్రాణదానము. బిందెడు మంచినీటికై దూరము నడచిన స్త్రీ కీ సంగతి యొకరు చెప్పనక్కఱలేదు.

సోమశిలకు దిగువన లోయ ఇఱుకై, అమ్రాబాదు అడవి మొదలగును. అది చెంచుల సీమ. చైత్రపూర్ణిమకు సలేశ్వరపు లోతట్టులో జరుగు జాతరలో అర్చకులు వారే. రాళ్ల దారి, దిగుడు మిక్కిలి. మోకాళ్ల నొప్పి గలవారు సాహసింపరాదు.

అటుపిమ్మట నందికొండ. జలాశయము నడుమ ద్వీపమై మిగిలిన నాగార్జునకొండను మన స్త్రీలు తప్పక చూడవలెను. నీటి యడుగున నున్నది ఇక్ష్వాకుల విజయపురి. 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, దొరకినంత వెలికి దీసి, కొన్ని కట్టడములను కొండపై మరల నిలిపిరి. అచటి శాసనములలో దాతల పేళ్లు చదివితిమేని స్త్రీలే యెక్కువగా నగుపడుదురు. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి ఆయన 6వ రాజ్యవర్షమున మహాచైత్యమును పూర్తి చేయించెను. బోధిసిరి యను నుపాసిక రాణి కాదు, రాచబిడ్డయు కాదు. ఆమెయు సింహళము నుండి వచ్చిన భిక్షువులకై చైత్యగృహము కట్టించి, తన చుట్టముల పేళ్లన్నియు రాతిపై చెక్కించెను. పదునేడు వందల యేండ్లనాటి యొక యిల్లాలి చుట్టఱికము నేడును చదువవచ్చును!

వానలు వెనుకబట్టిన కార్తికము మొదలు మాఘము వఱకు ప్రయాణము సుఖము. ద్వీపమునకు పడవ ఉదయముననే యెక్కుట మేలు. పిల్లలు గలవారు పులిహోరయు, పెరుగన్నమును వెంట గట్టుకొనిపోవలెను.