ఉసిళ్ళకు స్ప్రే, తేనెపట్టు కింద టపాసులు



అక్టోబరు 16 వస్తోంది. 1799లో అదే రోజున కట్టబొమ్మన్ను కయత్తారులో ఉరి తీశారు. అక్కడ దండ వేసి, అటునుంచి అటే పాంచాలంకురిచ్చి జక్కమ్మ గుడికో, ఎవరి కులదైవం దగ్గరికి వాళ్ళో పోయి, రాత్రికి అక్కడే మకాం వేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఆడవాళ్ళూ పిల్లలూ వ్యాన్‌లో, మగవాళ్ళు పక్కన టార్పాలిన్ కింద. దీన్నే బయటి దేశాల్లో కారవాన్ క్యాంపింగ్ అని డబ్బు పోసి చేస్తారు.

ఐప్పసి వానలు మొదలయ్యేదీ అప్పుడే. నల్లరేగడి నానిన సాయంత్రం, గాలి ఆగితే, పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. మన పిల్లలకు ఈసల్ అంటేనే తెలుసు. వ్యాన్‌లో తెల్ల లైటు వెలుగుతుంటే వందల కొద్దీ లోపలికి వస్తాయి. జుట్టులో, సాంబారులో, పసిబిడ్డ మీద. వెంటనే ఎవరో ఒకరు స్ప్రే డబ్బా తీస్తారు. అద్దాలు మూసి మరీ కొడతారు! ఆ తర్వాత పిల్లలు పడుకునేది ఆ గాలిలోనే. పక్కనే పొయ్యి మండుతుంటుంది. మంట దగ్గర కొట్టకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది, చదివేవాళ్ళు లేరు.

ఉసిళ్ళు కుట్టవు, కరవవు. చెదపురుగుల్లో జత కట్టడానికి బయటికి వచ్చినవి అవి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని మట్టిలోకి పోతాయి. లోపలి లైట్లన్నీ ఆర్పేసి, వ్యాన్‌కు దూరంగా ఒక బల్బు కట్టి, దాని కింద బేసిన్‌లో నీళ్ళు పెడితే చాలావరకు అటే పోతాయి. మన అవ్వలు దీపం పక్కన నీళ్ళకుండ పెట్టి పట్టింది ఇలాగే. బియ్యంతో కలిపి వేయించి పెడితే తిన్నవాళ్ళు ఇంకా మనలో ఉన్నారు. గుడి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ ఏరుకుంటే? మనం మందు కొట్టి వదిలిన పురుగు వాళ్ళ పెనంలోకి పోదని ఎవరు చెప్పగలరు? పుట్టకు పసుపు పూసి మొక్కేదీ మనమే, అందులోంచి వచ్చినదానికి విషం కొట్టేదీ మనమే.

అసలు భయపడాల్సింది చెట్టు మీద ఉంటుంది. గుడి మర్రికో, నీళ్ళ ట్యాంకు కిందో పెద్ద తేనెటీగల పట్టు వేలాడుతుంటుంది. దాని కిందే పొంగలి పొయ్యి పెట్టి పొగ వేస్తాం, శివకాశి సరం అంటిస్తాం. ఆ ఈగలు గుంపుగా లేస్తే ఉసిళ్ళలాగా రెక్కలు రాల్చుకుని పోవు. ఒక్కరి వెంట పడి వందల కాట్లు వేయగలవు, ప్రాణం పోవచ్చు. అప్పుడు చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని పరుగెత్తి వ్యాన్‌లోకి దూరి తలుపులు మూయాలి. ముల్లు ఉంటే గోటితో వెంటనే గీకేయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, చాలా కాట్లు పడినా 108కి ఫోన్ చేయాలి, సున్నం రాస్తూ కూర్చోకూడదు.

“టపాసులు లేకుండా పండుగేంటి” అనే పెద్దలకు మా జవాబు ఒక్కటే: కాల్చండి మామా, చెట్టు కింద మాత్రం వద్దు. వంట ఎలాగన్న అక్కలకు కూడా చెబుతున్నాం, దీపాలు పెట్టే వేళకు ముందే వండి మూత పెట్టేస్తే సగం గొడవ ఉండదు.

కమిటీని మేము అడిగేవి చిన్న ఖర్చులే. వ్యాన్ కిటికీలకు దోమతెర గుడ్డ, తెల్ల ట్యూబుల బదులు పసుపు వెలుగు బల్బులు (పసుపు వెలుగుకు పురుగు తక్కువ వస్తుంది), సామాన్ల జాబితాలోంచి స్ప్రే డబ్బా కొట్టివేత. ఫోకస్ లైటు కొనాలన్న ప్రతిపాదన ఉంది కదా, దాన్ని మేము ఒప్పుకోం. అంత తెల్లని వెలుగు పెడితే ఊళ్ళో ఉసిళ్ళన్నీ మన దగ్గరికే వస్తాయి.

ఇంకొకటి. ముందు రోజు పగటిపూట ఇద్దరు కుర్రాళ్ళు బైకులో పోయి, మకాం చోట తల పైకెత్తి చూసి రావాలి. పట్టు కనబడితే రాళ్ళు వేయకుండా, గుడివాళ్ళకు చెప్పి, అవసరమైతే అగ్నిమాపక శాఖవాళ్ళను పిలిపించాలి. లేదంటే వ్యాన్ వేరేచోట ఆపుకుందాం. పోవడానికి ఎవరు సిద్ధమో కింద పేర్లు రాయండి, పెట్రోలు డబ్బు మేము ఇస్తాం.