జాతి నిత్యమా?

తర్కసంగ్రహం చదువుకున్న వారికి జాతి అనే మాట వినగానే దాని లక్షణం నోటికి వస్తుంది. అది ఒక్కటి, నిత్యం, అనేక వ్యక్తులలో ఉండేది. లోకంలోని కుండలన్నీ పగిలినా ఘటత్వానికి చేటు లేదు. ఆవులన్నీ పోయినా గోత్వానికి చావు లేదు. పదిహేడవ శతాబ్దిలో మన ఆంధ్రుడు అన్నంభట్టు బాలుర కోసం రాసిన ఆ చిన్న గ్రంథమే మా వంటి భాషాపండితులకు తర్కంలో ఓనమాలు.

ఆ మాటనే మన జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు తెచ్చుకున్నాయి. జీనస్ ప్రజాతి అయింది, స్పీషీస్ జాతి అయింది. ఒకనాడు పదవ తరగతిలో ఏదో పద్యానికి అర్థం చెబుతూ, జాతి శబ్దం తగిలేసరికి నా తర్కపాండిత్యం కొంత వెళ్ళబోశాను. ఒక అమ్మాయి లేచి అడిగింది: “మాస్టారూ, సైన్సు పుస్తకంలో జాతులు పుడతాయి, అంతరిస్తాయి అని ఉంది. మీరేమో జాతి నిత్యమంటున్నారు. ఏది రాయాలండీ?” “ఏ పేపరులో ఏది అడిగితే అది రాయమ్మా” అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ జవాబుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే ఆమె అడిగినది పరిభాషకు సంబంధించిన సందేహం కాదు. జీవశాస్త్రాన్ని గురించి తాత్త్వికులు నేటికీ తెగకుండా వాదించుకుంటున్న మూలప్రశ్న అది. జాతి అనేది జీవులన్నీ పోత పోసుకునే మూసయా, లేక తానే పుట్టి, పెరిగి, గిట్టే ఒక పదార్థమా? లిన్నేయస్ మొదట్లో జాతులు సృష్టితోనే ఏర్పడినవని నమ్మాడు. 1859లో డార్విన్ రకానికీ జాతికీ నడుమ గట్టి గీత లేదన్నాడు. 1974లో మైకేల్ గిసెలిన్, 1978లో డేవిడ్ హల్ మరొక అడుగు వేసి, జాతి సామాన్యమే కాదు, అది ఒక వ్యక్తి అన్నారు. తార్కికుని చెవికి ఇది గొడ్రాలి బిడ్డ వంటి మాట. మొదటిసారి చదివినపుడు నాకూ అలాగే తోచింది.

కలివికోడిని తలచుకోండి. 1900 తరువాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలోని పొదల అడవులలో మళ్ళీ కనిపించింది. ఆ మధ్యకాలంలో అది నిజంగానే నశించి, లక్ష ఏళ్ళకు మరొక చోట, మరొక పక్షి సంతతి నుండి అచ్చం అటువంటి పిట్టే పుట్టిందనుకుందాం. అది కలివికోడియేనా? అన్నంభట్టు లెక్కలో అభ్యంతరం ఉండకూడదు. ఆకృతి అదే, గుణాలు అవే, జాతి ఎలాగూ చావలేదు. హల్ లెక్కలో మాత్రం కాదు. ముక్కూ మొహమూ ఎంత కలిసినా, పోయిన తాతగారు తిరిగి వచ్చినట్లు కాదు కదా.

నాకు ఈ వాదం తలకెక్కింది పుస్తకం వల్ల కాదు, మామిడితోట వల్ల. మా ఇబ్రహీంపట్నం నుండి మైలవరం, నూజివీడు వైపు వెళితే దారి పొడుగునా మామిడే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే వస్తుందన్న భరోసా లేదు, అందుకే అంటు కడతారు. కింద నాటు మామిడి మొక్క, పైన బంగినపల్లి కొమ్మ. ఆ కొమ్మ వేరొక చెట్టుది, ఆ చెట్టు మరొక చెట్టు కొమ్మ. ఇలా వెనక్కు పోగా పోగా ఒక మొదటి చెట్టు. అంటే ఇన్ని తోటలలోని బంగినపల్లి చెట్లన్నీ పరాయి కాళ్ళ మీద నిలబడిన ఆ ఒక్క చెట్టు కొమ్మలే! మరి బంగినపల్లి ఒక వ్యక్తియా, లక్షల వ్యక్తులా? ఒక వ్యక్తి ఇన్ని చోట్ల పరచుకొని ఉండడం ఇక్కడ సాధ్యమైతే, కలివికోళ్ళన్నీ కలిసి కాలంలో పరచుకొన్న ఒక్క వ్యక్తి అనడం అంత వింత కాదు. పోలిక పూర్తిగా పొసగదనుకోండి. అంటులో తేడా పుట్టడం అరుదు, టెంకలో తేడా తప్పదు. ఆ తేడాయే డార్విన్‌కు పెట్టుబడి.

మన తార్కికులు ఊరకే కూర్చోలేదు. పదవ శతాబ్దివాడైన ఉదయనుడు జాతికి ఆరు బాధకాలు చెప్పాడు. వాటిలో సాంకర్యం ఒకటి. రెండు ధర్మాలు ఒకదానిలో ఒకటి ఇమడక, కొంత కలిసి కొంత విడిపోతే అవి రెండూ జాతులు కాలేవు. లిన్నేయస్ వర్గీకరణ కూడా సరిగ్గా ఇలాగే, డబ్బాలో డబ్బా ఇమిడినట్లుంటుంది. ఎందుకలా ఇమడాలో లిన్నేయస్ చెప్పలేదు, ఉదయనుడూ చెప్పలేదు. డార్విన్ చెప్పాడు: అది ఒకే మాను చీలి కొమ్మలైన వంశవృక్షం కాబట్టి.

చిక్కులు లేవని కాదు. తమలో తాము సంతానం కని, ఇతరులతో కలవని సమూహమే జాతి అని 1942లో ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనం బాక్టీరియా దగ్గరకు వచ్చేసరికి చతికిలబడుతుంది. ఒక్క నిర్వచనం అన్ని జీవులకూ సరిపోదనే వారూ ఉన్నారు. ఉండనీయండి. కాని నిత్యత్వాన్ని మాత్రం ఎవరూ వెనక్కు తేలేరు. నిజానికి జాతి శబ్దం పుట్టినదే ‘జన్’ ధాతువు నుండి. పుట్టుక అని అర్థమిచ్చే మాటకు చావు లేదని లక్షణం రాయడం మన శాస్త్రాలకే చెల్లింది. మాటను మార్చనక్కరలేదు, అతికించిన నిత్యత్వాన్ని ఊడదీస్తే చాలు.

ఇంత పట్టుదల దేనికంటే, తెలుగులో జాతి అంటే కులం కూడా. కుమారిలభట్టు వంటి మహామీమాంసకుడు గోత్వం వలెనే బ్రాహ్మణత్వమూ ఒక జాతి అని వాదించాడు. జైనుడైన ప్రభాచంద్రుడు దానిని ఖండించాడు. అంతకు ఎంతో ముందే సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తం గడ్డి, చెట్లు, పురుగులు, చతుష్పాదులు, పాములు, చేపలు, పక్షులు అన్నిటినీ వరుసగా చెప్పి, వీటిలో జాతిని తెలిపే గుర్తులు వేరువేరుగా ఉన్నాయి, మనుషులలో అలాంటివి లేవని తేల్చింది. కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతి స్తూపం ఉన్న చోటికి ఇంత దగ్గరలో ఉండి, ఆ సుత్తం నేను చదివింది పదవీ విరమణ తరువాతనే. ఆనాటి తరగతిలో మాత్రం గోత్వం పక్కన బ్రాహ్మణత్వాన్ని కూడా ఉదాహరణగా చెప్పాను. నేను నేర్చుకున్నది అలాగే. ఎదుట బల్లల మీద కూర్చున్నది ఎవరో ఆలోచించలేదు.

ఆ అమ్మాయి కులం ఏమిటో నాకు తెలుసు. హాజరు పట్టీలో రాసింది నేనే. ఆమె అడిగింది సైన్సు పేపరు గురించేనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.