గజ్జల్లో బిళ్ల చెప్పే సంగతి

కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. గొంతు చెడితే దవడ కింద కడుతుంది. చేను పనికి వెళ్లే వారందరికీ ఇది తెలిసిందే. దాన్ని జబ్బనుకుంటాం గానీ, ఒంట్లో కాపలా పనిచేస్తోందనడానికి అది గుర్తు. ఆ బిళ్లే లింఫ్ గ్రంథి. మెడ, చంకలు, గజ్జలు, పొట్ట లోపల ఇలాంటివి వందల్లో ఉంటాయి. గాయం వైపు నుంచి వచ్చే ద్రవాన్ని అవి వడకట్టి, సూక్ష్మజీవుల్ని ఆపుతాయి. వాటితో పోరాడే కణాలు అక్కడే వేగంగా పెరుగుతాయి కాబట్టి బిళ్ల ఉబ్బి నొప్పి పెడుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, జ్వరంతోపాటు బరువు తగ్గుతున్నా మాత్రం క్షయ పరీక్ష చేయించుకోవాలి.

కరోనా తర్వాత ‘ఇమ్యూనిటీ’ అంగడి సరుకైంది. పొడులనీ సిరప్‌లనీ కొంటున్నాం. కానీ రోగనిరోధక శక్తి సీసాలో దొరికేది కాదు. అది కొన్ని అవయవాలు కలిసి చేసే పని. తెల్ల రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. వాటిలో కొన్ని రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథికి చేరి, మన కణమేదో పరాయిదేదో పోల్చుకోవడం నేర్చుకుంటాయి. అది నేర్వనివి అక్కడే నశిస్తాయి. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం రక్తాన్ని జల్లెడ పడుతుంది. గొంతులో టాన్సిల్స్, పేగుల గోడల్లోని కణజాలం తిండితో, నీటితో వచ్చే క్రిముల్ని కనిపెట్టుకుని ఉంటాయి.

వీటిలో థైమస్ సంగతి వేరు. అది బాల్యంలోనే చురుగ్గా ఉంటుంది. యుక్తవయసు దాటాక క్రమంగా కుంచించుకుపోయి, దాని చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. బిడ్డకు తిండి చాలకపోతే ఆ గ్రంథి చిన్నతనంలోనే చిక్కిపోతుంది. మళ్లీ కడుపునిండా తిని బరువు పుంజుకున్నా, థైమస్ కోలుకోవడానికి మరికొన్ని వారాలు పడుతుంది.

రాయదుర్గం, గుమ్మఘట్ట పల్లెల్లోని తల్లిదండ్రులకు ఈ విషయం ముఖ్యం. వాన మొహం చాటేసి వేరుసెనగ పోయిన ఏడాది బెంగళూరుకో, సరిహద్దు దాటి బళ్లారి వైపో వలస తప్పదు. చంటిబిడ్డా వెంటే వెళుతుంది. ఊళ్లో అంగన్‌వాడీ గుడ్డూ పాలూ ఆగిపోతాయి. టీకా తేదీ దాటిపోతుంది.

టీకా కూడా ఈ బిళ్లల దగ్గరే పనిచేస్తుంది. తొడకు వేసిన సూదిమందు గజ్జల్లోని గ్రంథులకు, ఎడమ భుజానికి వేసిన బీసీజీ చంకలోని గ్రంథులకు చేరి కణాలకు శత్రువును చూపిస్తుంది. ఈ బీసీజీ మన దేశంలో మొదలైంది సీమలోని మదనపల్లెలోనే, 1948లో. పెంటావాలెంట్ టీకాను 6, 10, 14 వారాలకు మూడుసార్లు వేసేది ఊరికే కాదు. మొదటిసారి చూసింది కణాలకు అంతంతమాత్రమే గుర్తుంటుంది. తర్వాతి డోసులతోనే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది. తట్టు టీకా తప్పితే ఇంకో నష్టం ఉంది. తట్టు సోకిన బిడ్డలో, అంతకుముందు వచ్చిన జబ్బులపై సంపాదించుకున్న జ్ఞాపకమూ కొంతవరకు చెరిగిపోతుంది.

డోసు తప్పిందని వదిలేయకండి. మళ్లీ మొదటి నుంచి వేయించనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగిస్తే చాలు. టీకాలు ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమే. వెళ్లిన చోట అంగన్‌వాడీలో బిడ్డ పేరు రాయించండి. గుడ్డు, పాలు, పప్పు, రాగిముద్దలకు పెట్టే డబ్బును ఇమ్యూనిటీ పొడులకు తగలేయకండి.

బాధ్యత తల్లిదండ్రులదే అని చేతులు దులుపుకుంటే కుదరదు. ఏ ఇంటి నుంచి ఏ బిడ్డ ఎక్కడికి వెళుతోందో ఆశా, ఏఎన్ఎంలు వలసకు ముందే రాసుకోవాలి. ఆ వివరం అవతలి ఊరి ఆరోగ్య సిబ్బందికి చేరేలా అధికారులు చూడాలి. బిడ్డలున్న కూలీలను పనిలో పెట్టుకునే మేస్త్రీలు టీకా రోజున తల్లికి ఒక పూట సెలవివ్వాలి.

మూటాముల్లె సర్దుకునేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ మరిచిపోం కదా. బిడ్డ టీకా కార్డునూ వాటితోపాటే పెట్టుకోండి.