కెమెరా దాటగానే యాక్సిలరేటర్

"రేయ్, ముందు కెమెరా ఉంది. స్లో చేయ్."

పండక్కి ఊరెళ్తున్నాం. విజయవాడ హైవే. నేను నడుపుతున్నా, పక్క సీట్లో మా బావ. ఆయన చెప్పేలోపే ఫోన్లో మ్యాప్ కూడా హెచ్చరించింది. 105లో ఉన్న స్పీడు 80కి దిగింది. నా ముందు కారూ తగ్గింది, వెనక కారూ తగ్గింది. స్తంభం మీది కెమెరా వెనక్కి వెళ్లిపోగానే ముగ్గురం మళ్లీ తొక్కాం.

ఇంకో రెండు కిలోమీటర్లు పోతే బావ వాళ్ల ఊరి క్రాసింగ్. సిగ్నల్ లేదు, అండర్‌పాస్ లేదు, డివైడర్‌కి ఒక గ్యాప్ మాత్రం ఉంది. "ఇక్కడే రా, మా పాలాయన్ని కొట్టేసింది" అన్నాడు బావ. పోయినేడాది సంగతి. తెల్లవారుజామున క్యాన్లతో టీవీఎస్ బండి మీద రోడ్డు దాటుతున్నాడు. ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

మీటర్ వైపు చూశా. 100 దాటి ఉంది.

అప్పట్నుంచీ ఒకటే ప్రశ్న. కెమెరా నా స్పీడు తగ్గించిన మాట నిజం. కానీ ఆ పాలాయనకి దానివల్ల ఒరిగిందేంటి?

కెమెరాలంటే మనలో రెండు పార్టీలున్నాయి. "డబ్బులు గుంజడానికే పెట్టారు" అనేది ఒకటి. "కెమెరా పెడితే చాలు, జనం దార్లోకొస్తారు" అనేది ఇంకోటి. లెక్కలు చూస్తే రెండూ సగం సగమే నిజం.

ముందు కెమెరాల తరఫున మాట్లాడదాం. వేర్వేరు దేశాల్లో స్పీడ్ కెమెరాల మీద జరిగిన 35 అధ్యయనాలను కలిపి 2010లో కొక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది. కెమెరాలున్న చోట్ల ప్రాణాలు తీసే, తీవ్రంగా గాయపరిచే ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గాయని అందులో తేలింది. అంటే కెమెరా పనిచేస్తుంది. 80 నుంచి 100కి వెళ్తే స్పీడు పెరిగేది పావు వంతే, కానీ గుద్దినప్పుడు ఉండే శక్తి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. కాబట్టి స్పీడు కొంచెం తగ్గించినా ప్రాణాలు మిగులుతాయి.

ఇప్పుడు రెండో వైపు. బ్రిటన్‌లోని కెమెరాల మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి 2017లో ఒక అధ్యయనం వచ్చింది. కెమెరాకి 500 మీటర్ల లోపు ప్రమాదాలు 17 నుంచి 39 శాతం, మరణాలు 58 నుంచి 68 శాతం తగ్గాయట. చాలా పెద్ద తేడా ఇది. కానీ కిలోమీటరున్నర దాటాక ఆ ప్రభావం కనిపించలేదు. పైగా అక్కడ ప్రమాదాలు కాస్త పెరిగిన సూచనలున్నాయి. మేం ముగ్గురం హైవే మీద చేసింది సరిగ్గా ఇదే. బ్రిటన్ వాడైనా మనోడైనా కాలు ఒకటే.

రెడ్ సిగ్నల్ కెమెరాల కథ ఇంకొంచెం తిరకాసు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 2010లో జనం ఓటేసి మరీ వాటిని తీయించేశారు. తీసేశాక ఏమైందో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కేశారు. పక్కనుంచి వచ్చి గుద్దే ప్రమాదాలు పెరిగాయి, మిగతా రకాలు తగ్గాయి. మొత్తం మీద ప్రమాదాలుగానీ గాయాలుగానీ కెమెరాల వల్ల తగ్గాయనడానికి వాళ్లకి ఆధారం దొరకలేదు. ఎందుకంటే కెమెరా ఉందని తెలిస్తే, పసుపు లైటు పడగానే సడెన్ బ్రేక్ వేస్తాం. వెనకొచ్చేవాడు ఊహించడు.

లెక్కల్లో ఇంకో మెలిక కూడా ఉంది. మన జాతీయ రహదారుల మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో పది మంది చనిపోయినా, మరణాలూ తీవ్ర గాయాలూ ఉన్న ప్రమాదాలు ఐదు జరిగినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఇలాంటి చోట కెమెరా పెట్టి, మరుసటేడు మరణాలు తగ్గితే "చూశారా" అంటాం. కానీ గవ్వలాటలో వరుసగా రెండు పెద్ద పందేలు పడ్డాక మూడోది చిన్నది పడితే గవ్వలు మారాయని కాదు కదా. మరీ చెడ్డ ఏడాది తర్వాత వచ్చే ఏడాది ఎలాగూ కొంత నయంగానే ఉండొచ్చు. అందులో కెమెరా వాటా ఎంతో విడదీసి చూడాలి.

బెంగళూరులో పనిచేసే మన ఫ్రెండ్స్ వీకెండ్‌కి వెళ్లే మైసూరు హైవేనే చూడండి. 2023 తర్వాత అక్కడ మరణాలు బాగా తగ్గాయి. కెమెరాలు పెట్టారు, నిజమే. కానీ 2023 ఆగస్టు 1 నుంచే బైకులు, ఆటోలు, ట్రాక్టర్లను మెయిన్ రోడ్డెక్కనివ్వడం మానేశారు. దేశంలో రోడ్డు మీద చనిపోయేవాళ్లలో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. అలాంటప్పుడు ఆ క్రెడిట్ అంతా కెమెరా ఖాతాలో వేసేస్తే ఎలా?

అయితే ఒక విషయంలో మాత్రం కెమెరాకే నా ఓటు. హెల్మెట్. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వాళ్లలో 50,029 మందికి తలమీద హెల్మెట్ లేదు. స్పీడు క్షణంలో తగ్గించి, క్షణంలో పెంచుకోవచ్చు. హెల్మెట్ అలా కాదు. కెమెరాకి భయపడి పెట్టుకున్నా, దాన్ని ప్రతి స్తంభం దాటాకా తీసి హ్యాండిల్‌కి తగిలించుకునే ఓపిక ఎవడికీ ఉండదు. సీట్ బెల్టూ అంతే. కేరళ 2023 జూన్ 5 నుంచి 726 కెమెరాలతో జరిమానాలు మొదలుపెట్టినప్పుడు వాటిలో ఎక్కువ భాగం వీటి కోసమే వాడింది. ఒకసారి పెట్టుకుంటే దారి పొడుగునా ఉండే అలవాటుకి కెమెరా బాగా పనికొస్తుంది.

మరి స్పీడుకి? దానికీ దారుంది. ఒక కెమెరా బదులు రెండు పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన టైంతో భాగిస్తే సగటు స్పీడు వచ్చేస్తుంది. ఐదో క్లాసు లెక్క. అప్పుడు స్తంభం దగ్గర బ్రేక్ వేసి లాభం లేదు. స్కాట్లాండ్‌లో ఏ9 రోడ్డు మీద 2014లో ఇలాంటివి పెట్టాక మరణాలు, తీవ్ర గాయాలు తగ్గాయి. ఆ రెండో కెమెరా బావ వాళ్ల ఊరి క్రాసింగ్ దాటాక ఉంటే, నేను ఆ రెండు కిలోమీటర్లూ 80 మీదే పోయేవాణ్ణి.

ఇక చలాన్ల సంగతి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. తప్పు చేసిన ఐదు నిమిషాల్లో ఎర్రర్ కనిపిస్తే నేర్చుకుంటాం. మూడు నెలల తర్వాత మెయిల్ వస్తే "ఏ కోడ్ బాబూ అది?" అంటాం. చలానూ అంతే. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ ప్రకారం 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. కెమెరా నిఘా ఉన్న రోడ్డుకి ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఈ రూల్ రాసినవాళ్లకి విషయం తెలుసు. చాటుగా ఫొటో తీస్తే చలాను పడుతుంది. ముందే చెప్పి తీస్తే స్పీడు తగ్గుతుంది.

మనమేమో పెండింగ్ చలాన్లకి సేల్ పెట్టుకున్నాం. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం తగ్గింపు, 2023 డిసెంబరులో 80 శాతం. మా ఆఫీసులో ఒకడు అప్పట్నుంచీ చలాన్ కట్టడం మానేసి నెక్స్ట్ ఆఫర్ కోసం ఎదురుచూస్తున్నాడు. వాడి తప్పేముంది? శిక్ష పెద్దదవడం కంటే ఖాయంగా, వెంటనే పడటం ముఖ్యం. ఈ రెండూ పోయాక మిగిలేది కరెంటు బిల్లు లాంటి ఇంకో బిల్లు.

అందుకే "ఈ ఏడాది ఇన్ని లక్షల చలాన్లు, ఇన్ని కోట్లు" అనే వార్త చూస్తే నాకు డౌటొస్తుంది. ఒకే చోట ఏళ్ల తరబడి చలాన్లు పడుతూనే ఉన్నాయంటే అక్కడ ఎవరూ మారలేదనే కదా? చలాన్లు రాన్రానూ తగ్గిపోయి, ఆ చుట్టుపక్కల ఐదారు కిలోమీటర్లలో చావులు తగ్గితే అది మంచి కెమెరా. మన దగ్గర మొదటి అంకె ఫోన్లోనే దొరుకుతుంది. రెండో అంకె కూడా కెమెరా వారీగా పెట్టమని అడగాల్సింది మనమే.

తిరుగు ప్రయాణంలో బావ వాళ్ల ఊరు దగ్గరపడుతుండగానే 80కి దించేశా. అటువైపు కెమెరా లేదు. వెనక కారువాడు లైట్లు కొట్టాడు, హారన్ కొట్టాడు, చివరికి పక్కనుంచి దూసుకుపోయాడు. క్రాసింగ్ దగ్గర డివైడర్ గ్యాప్‌లో ఒక పెద్దావిడ గడ్డిమోపుతో నిలబడి ఉంది. నేను ఇంకా స్లో చేశా. ఆమె మాత్రం కదల్లేదు. మా కారు కూడా వెళ్లిపోయాక, రెండుసార్లు అటే చూసి, అప్పుడు అడుగేసింది.