శ్రమయు వ్యాయామమును

దేహమునకు చాలినంత కదలిక లేని వయోజనులు ఏయే దేశమున నెందఱు కలరో ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధకులు లెక్కించి, 2024వ సంవత్సరమున లాన్సెట్ వైద్యపత్రికలలో నొకదానియందు ప్రకటించిరి. ఆ లెక్కప్రకారము 2000లో మన దేశమున నట్టివారు నూటికి 22 మంది. 2022 నాటికి నూటికి 49 మంది. స్త్రీలలో 57, పురుషులలో 42. దంచి, విసరి, నీరు మోసి, నాగలి పట్టి బ్రదికిన జాతి యొక్క తరములోపల నీ స్థితికి దిగుట సామాన్యవిషయము కాదు. భారత వైద్యపరిశోధనామండలివారు 2023లో వెల్లడించిన పరిశీలనము మధుమేహపీడితులు 10 కోట్లకు మించిరనియు, మఱి 13 కోట్ల 60 లక్షలమంది ఆ వ్యాధి గడపకడ నిలిచియున్నారనియు తేల్చినది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన బెట్టి చదువవలయును.

అయితే గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి నేలపై నిలిచి వీనిని చదువువానికి సందేహము కలుగక మానదు. మాఘ ఫాల్గుణములలో మిరపచేలకు బోయి చూడుడు. తెల్లవారకముందే ఆటోలలో గ్రుక్కుకొని వచ్చిన కూలిస్త్రీలు ప్రొద్దు వాలువఱకు నడుము వంచి కాయలు కోయుచుందురు. పిమ్మట కల్లములో ఎండిన కాయలనుండి తాలుకాయలను వేఱుచేయుచు, తొడిమలు తీయుచు, ఘాటునకు దగ్గుచు గంటలకొలది గొంతుకూర్చుండియుందురు. గుంటూరు మిర్చియార్డులో హమాలీలు టిక్కీలను వీపులపై మోసి లారీల కెక్కించుచుందురు. వీరికా మనము వ్యాయామమును బోధించుట? పట్టణములనుండి వెలువడు ఆరోగ్యప్రబోధములలో నూటికి తొంబది ఈ ప్రశ్నను చూడకయే సాగిపోవును. ఈ విషయమున మొదట తేలవలసిన దిదియే.

శ్రమ వేఱు, వ్యాయామము వేఱు. మన ప్రాచీనవైద్యులు దీనిని చక్కగా నెఱిగియుండిరి. సుశ్రుతుడును, వాగ్భటుడును వ్యాయామమును పూర్ణశక్తితో గాక అర్ధశక్తితో చేయవలెనని విధించిరి. బలములో సగము వెచ్చించి సగము నిలుపుకొన్నపుడే ఆ వెచ్చించినది తిరిగి వృద్ధిగా వచ్చునని వారి భావము. కిలోల లెక్కను పత్తి తీయు స్త్రీ సగముశక్తితో పనిచేసిన సగముకూలియే దొరకును. కావున నామె పూర్ణశక్తిని వెచ్చించును. కొన్నిదినములు అంతకు మించియు వెచ్చించును. ఇటీవల డెన్మార్కు దేశమున జరిగిన పరిశోధనలును ఈ భేదమునే చూపినవి. తీరికవేళ స్వేచ్ఛగా చేయు చలనము గుండెకు మేలుచేయగా, జీవనోపాధికై విరామములేక చేయు బరువుపని ఆ మేలు చేయకపోవుటయే గాక కీడును చేయగలదని అచ్చటి పండితులు చెప్పుచున్నారు. ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము తెలిపినది. అట్టి స్త్రీకి పరుగుపందెములు బోధించుట పరిహాసము. ఆమెకు కావలసినది నడిమధ్యాహ్నము నీడ, మంచినీరు, నడుము చాచుకొనుటకు గంటకొక అయిదునిమిషముల విరామము, కడుపునిండ ఆకుకూరయు పప్పును గల భోజనము. ఇదియే ఆమె విషయమున వ్యాయామప్రచారము.

ఇదే సందర్భమున కనిగిరి ప్రాంతము జ్ఞప్తికి రాకమానదు. అచ్చటి భూగర్భజలమునందలి ఫ్లోరైడువలన ఎందఱికో కీళ్లు బిగిసి, ఎముకలు వంగి, నడచుటయే దుర్భరమైనది. అట్టివారికి నడకవలని లాభములనుగూర్చి కరపత్రములు పంచుటకు ముందు శుద్ధమైన త్రాగునీరు పంచవలయును.

ఇక కదలికలేనివా రెవరు? కమిషనుకొట్టులో గద్దెపై కూర్చున్న వర్తకుడు, దున్నుటకు ట్రాక్టరును, చేనికి బోవుటకు మోటారుసైకిలును అమర్చుకొని, ఒకప్పుడు దినమునకు రెండుకోసులు నడచిన కాలిని ఇంటినుండి అరుగువఱకు మాత్రమే వాడుచున్న పెద్దరైతు, కచేరీ గుమాస్తా, ఉపాధ్యాయుడు, వంటయింటికిని దూరదర్శినికిని నడుమ దినము గడపు గృహిణి. వీరందఱికంటె మున్ముందుగా చెప్పవలసినవారు మన బిడ్డలు.

గుంటూరు సీమకు చదువులసీమయని పేరు. ఆ పేరునకు మనము చెల్లించుచున్న మూల్య మెంతయో ఎవరును లెక్కవేయుట లేదు. వైద్యవిద్యకును, ఇంజనీరింగునకును ప్రవేశపరీక్షలు వ్రాయింపదలచిన తల్లిదండ్రులు పదునాలుగేండ్ల బాలుని వసతిగృహమున చేర్చుదురు. అచ్చట తెల్లవారుజామున మొదలైన చదువు రాత్రి ప్రొద్దుపోయినదాక సాగును. అనేకవిద్యాలయములు వ్యాపారగృహములవలె అంతస్తులపై అంతస్తులుగా లేచినవి. పరుగెత్తుటకు పదిగజముల మన్నైనను లేదు. 2009 నాటి విద్యాహక్కుచట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థల ముండవలెనని తన అనుబంధమున విధించినది. ప్రాథమికోన్నత పాఠశాలలో నూఱుమందికి మించిన పిల్లలున్నచోట వ్యాయామశిక్షకు డుండవలెనన్నది. అయిదేండ్లు మొదలు పదునేడేండ్లవఱకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన కదలిక కావలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో నిర్దేశించినది. చట్ట మున్నది, శాస్త్ర మున్నది. లేనిది మైదానమును, గంటయును. కాలనిర్ణయపట్టికలో ఆటలగంట యని వ్రాసియున్నను పరీక్షలు సమీపించినంతనే గణితోపాధ్యాయుడు దానిని కబళించును. తల్లిదండ్రులు సంతోషింతురు!

మన పల్లెలలో నొక వింత కలదు. సంక్రాంతికిని, తిరునాళ్లకును బండలాగుడు పందెములు జరుగును. ఒంగోలుజాతి గిత్తలను ఆ పందెములకు సిద్ధపఱచు రైతు ఉలవలు ఉడుకబెట్టి పెట్టును, ఒడలు తోమును, వేళతప్పక నడిపించును, బరువు క్రమక్రమముగా హెచ్చించును, అలసట కనిపించిన నాడు విశ్రాంతి నిచ్చును. వ్యాయామశాస్త్రమంతయు ఆతనికి కరతలామలకము. ఆతని కుమారుడు మాత్రము కన్నులకు అద్దములు పెట్టుకొని, మెడ వంచి, చేతిలోని ఫోనుపై వ్రేలు తప్ప మఱి ఏ యవయవమును కదల్పడు. ఎద్దునకు చేసిన దానిలో సగము ఆ బిడ్డకు చేసిన చాలును.

ఈ సీమ యెప్పుడు నిట్లుండలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు చీరాల-పేరాల ఉద్యమమున రామదండును నిలిపినపుడు అందలి సేవకులకు నియమబద్ధమైన శిక్షణమిచ్చిరి. ఆ యేటి బెజవాడ అఖిలభారత కాంగ్రెసుసభలో లక్షలజనమును అదుపున నుంచినది ఆ దళమే. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారు పన్నులనిరాకరణమును నడపినపుడు శాంతిసేన ఊరూర తిరిగినది. ఎడింబరోలో చదివివచ్చిన గోపాలకృష్ణయ్యగారు దేహశిక్షణమును పామరుల పనియని తలంపలేదు. ఉత్తరాంధ్రమున కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరమున వ్యాయామశాలను నెలకొల్పి బలమును విద్యగా బోధించిరి. అప్పటి పల్లెలలో తాలింఖానా లుండెను. దండెములు, బస్కీలు, సంగిడిరాళ్లు, కఱ్ఱసాము ఉండెను. రచ్చబండకడ నొక గుండురాయి పడియుండెడిది. దానిని భుజమున కెత్తినవాడే యువకుడు. బాలికలకు తొక్కుడుబిళ్ల, బాలురకు చెడుగుడు, బిళ్లంగోడు, పెద్దలకు కోలాటము, చెక్కభజన. వీనికై ఎవరును రుసుము చెల్లింపలేదు. అయినను ఆ కాలమును మిక్కిలిగా పొగడుటకు మేము సిద్ధముగా లేము. ఆ తాలింఖానాలలో స్త్రీకి తావు లేదు. పలుచోట్ల మాలమాదిగవాడల యువకులకును తావు లేదు. ఇప్పుడు మరల నిర్మింపదలచినది ఆ గోడలులేని వ్యాయామశాలను.

మనకు వీరులు లేరని కాదు. నాటి ప్రకాశము జిల్లాలోని నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను విజేత యయ్యెను. తరువాత హైదరాబాదున తాను నెలకొల్పిన శిక్షణాలయమునుండి ఒలింపిక్ పతకములు గెలిచినవారిని తయారుచేసెను. గర్వింపదగినదే. కాని ఒక్కని పతకము వేయిమంది మోకాళ్లనొప్పులను మాన్పదు. ప్రభుత్వములు విజేతకు పారితోషికము ప్రకటించుటలో చూపు ఉత్సాహములో నాల్గవవంతు పల్లెబడి మైదానమున ముళ్లకంప కొట్టించుటలో చూపుట లేదు. 2015నుండి జూను 21న యోగదినోత్సవము జరుగుచున్నది; 2025లో విశాఖ సముద్రతీరమున లక్షలమంది ఆసనములు వేసిరి. మంచిదే. జూను 22న వా రెక్కడ?

వృద్ధుల విషయమున మాత్రము పూర్వులను విడిచి నడువవలసియున్నది. వాగ్భటుడు బాలురను, వృద్ధులను వ్యాయామమునుండి తప్పించెను. నేటి వైద్యము అట్లనదు. ఏబదియేండ్లు దాటినపిమ్మట వాడని కండ త్వరత్వరగా క్షీణించును. కాలి పట్టు తప్పి స్నానపుగదిలో పడిన వృద్ధురాలు తుంటియెముక విఱిగి మంచము పట్టును. కావున అఱువదియైదేండ్లు దాటినవారు వారమునకు మూడుదినములైనను శరీరపు నిలకడను, కండబలమును పెంచు సాధనలు చేయవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇందులకు యంత్రము లక్కఱలేదు. చేయి ఊతలేక కుర్చీనుండి పదిమార్లు లేచుట, గోడ నానుకొని ఒంటికాలిపై నిలుచుట, మెట్టెక్కి దిగుట చాలును. గాంధిమహాత్ముడు దండికి నడచినపుడు ఆయన వయస్సు 60 ఏండ్లు. నడచిన దూరము దాదాపు 240 మైళ్లు. మన పల్లెలలో అఱువది నిండినవానిని కుమారులు గౌరవముతోనే కదలనీయరు. ఆ గౌరవము ఆతనికి హాని.

వయోజనులకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమశ్రమ చాలును. దినమునకు అరగంట నడక యన్నమాట. నడచుట కెక్కడ? జాతీయరహదారి అంచున తెల్లవారుజామున నడచు స్త్రీలను లారీలు రాచుకొని పోవుచున్నవి. రెంటచింతల ఎండలకు పెట్టినపేరు. ఇట్టి సీమలో వైశాఖ జ్యేష్ఠములయందు సూర్యోదయమునకు ముందు తప్ప నడువరాదు. ఆ వేళ దీపములేని త్రోవలో స్త్రీ యొంటిగా వెళ్లజాలదు. వీధిదీపమును, చెఱువుకట్టపై చదునైన బాటయును ఈ సీమలో వైద్యశాలకు తీసిపోని ఆరోగ్యసాధనములు.

వేటపాలెమున 1918లో కొందఱు యువకులు సారస్వతనికేతనమును స్థాపించిరి. దొరతనమువారి దయకై వేచియుండలేదు. చందాలతో, దానములతో నది పెరిగినది. పంచాయతీలు అదే పూనికతో బడిమైదానముల హద్దులను కొలిపించి, ఆక్రమణములను తొలగించి, సాయంకాలము బడి విడిచినపిమ్మట ద్వారమునకు తాళము వేయక ఊరందఱికి తెఱచియుంచవచ్చును. వారమున రెండుదినములు ఆ స్థలము స్త్రీలకే యని నిర్ణయింపవచ్చును. రాబోవు గ్రామసభలో దీనిని తీర్మానముగా ప్రవేశపెట్టుటకు ఏ శాసనమును అడ్డురాదు. తొలుత ఆ మైదానము యొక్క సర్వేసంఖ్యయు, విస్తీర్ణమును ఎంతయో గ్రామకార్యదర్శిని అడుగుడు.